రెండోసారి వస్తే

ఆస్పత్రి నుంచి అత్తను ఇంటికి తెచ్చిన రోజు డాక్టరు చాలా చెప్పాడు గానీ, అల్లుడి చెవిలో ఒక్క మాటే నిలిచిపోయింది. పక్షవాతం ఒకసారి వచ్చి బయటపడ్డవాళ్లకు బీపీ అదుపులో లేకపోతే మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ, రెండోసారి వస్తే ఇంత తేలిగ్గా వదలదు, అన్నాడాయన. తేలిగ్గా అన్న మాట విని అల్లుడు చక్రాల కుర్చీలో కూర్చున్న అత్త వైపు చూశాడు. ఆవిడ ఎడమచెయ్యి ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా ఒళ్లో పడి ఉంది. నోరు ఒక పక్కకు జారింది. ఇదే తేలికైతే, తేలిక కానిది ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా అతనికి గుండె చాలలేదు.

ఆవిడ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరైంది. వీధిలో అందరూ చెకింగమ్మ అనేవాళ్లు. ఆవిడ బస్సెక్కితే టికెట్ కొన్నవాళ్లు కూడా ఎందుకైనా మంచిదని జేబులు తడుముకునేవారట. ఇంట్లోనూ అదే తీరు. గ్యాస్ కట్టారా, కుళాయి బిగించారా, తలుపు గడియ పడిందా అని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి చూసుకుంటే గానీ నడుం వాల్చేది కాదు. అల్లుడితో మాత్రం ముఖాముఖి మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే, అల్లుడుగారి కాఫీ చల్లారిపోతోందేమో అని గోడకు చెప్పేది. అతనూ గోడ వైపే చూసి తలూపేవాడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ గోడ ఇద్దరికీ మధ్యవర్తిగా ఉంటూ వచ్చింది.

అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. భార్య బట్టల మిల్లులో సూపర్‌వైజరు. మిల్లులోకి వెళ్లేటప్పుడు ఫోన్లు గేటు దగ్గరి బీరువాలో పెట్టేసి, సాయంత్రం తిరిగి తీసుకోవాలి. అత్త దగ్గర పగలు ఎవరుండాలన్న మాట వచ్చినప్పుడు, నాది చేతిపనే కదా, ఎక్కడైనా చేసుకోవచ్చు అని అతనే అన్నాడు. బజారులో కొట్టు మూసి, పనిబల్లను ముందుగదిలో కిటికీ కిందికి చేర్చాడు. అత్త మంచం కూడా ఆ గదిలోనే. కన్ను నుంచి భూతద్దం తియ్యగానే అతనికి ఎదురుగా కనిపించేది ఆవిడే.

బీపీ చూసే మిషను మందుల షాపులో కొన్నారు. చేతికి పట్టీ చుట్టి మీట నొక్కితే అదే గాలి నింపుకుని, అదే అంకె చూపిస్తుంది. మొదటిరోజు పట్టీ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లేసరికి అతనికి చెమటలు పట్టాయి. అత్తగారి చెయ్యి పట్టుకోవడమన్నది అతను కలలో కూడా అనుకోనిది. ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది. జాకెట్టు చెయ్యి పైకి జరపమని అడగడానికి నోరు రాక, దాని మీదే పట్టీ చుట్టాడు. పట్టీ సరిగ్గా అంటుకోలేదు. బలవంతంగా లాగి అంటించాడు. మిషను మోగుతున్నంతసేపూ ఆవిడ ఆ జారిన నోటితోనే, స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి, కిటికీ తెరిచి ఉన్న సంగతి గోడకు గుర్తుచేస్తూనే ఉంది. నూట డెబ్బై పైన వచ్చింది. మళ్లీ చూశాడు. ఇంకా పెరిగింది.

ఆ రోజు నుంచి అతనికి కుదురు లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడమన్నారు ఆస్పత్రిలో. అతను మధ్యాహ్నం కూడా చూడడం మొదలుపెట్టాడు. తర్వాత ఆవిడ తిన్నాక, నిద్ర లేచాక, గట్టిగా నిట్టూర్చినప్పుడల్లా చూసేవాడు. చూసిన ప్రతిసారీ అంకె కిందటిసారి కన్నా ఎక్కువే. ఎంత వచ్చిందో అని ఆవిడ గోడను అడిగితే, బాగానే ఉంది అనేవాడు. టికెట్ లేనివాణ్ణి ఒక్క చూపులో పట్టేసిన మనిషికి ఆ అబద్ధం ఒక లెక్కా. మిషను చప్పుడు వినపడగానే ఆవిడ కుడిచేతి వేళ్లు దుప్పటిని గుప్పిట పట్టేవి. మెడ మీద నరం ఎగరడం అతనికి కనిపించేది.

కూరల్లో ఉప్పు దాదాపు మానేశాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ చాలాసేపు ఆలోచించి, సగం నోరు ఎలాగూ పడిపోయింది, మిగతా సగం ఏం పాపం చేసిందో అని గోడను అడిగింది. కూతురు నవ్వింది. అల్లుడికి మాత్రం నవ్వు రాలేదు. పడిపోయింది అన్న మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది.

రాత్రిళ్లు సరిగ్గా నిద్రపట్టక, పగలు పని మీద చూపు నిలవక, స్క్రూలు చేతిలోంచి జారిపోయేవి. బాగుచేసి ఇచ్చిన గడియారాలు మళ్లీ వెనక్కి రాసాగాయి. భార్య అడిగితే అంతా మామూలే అన్నాడు. రోజంతా మిల్లులో నిలబడి వచ్చే మనిషి నెత్తిన ఇది కూడా ఎందుకులే అనుకున్నాడు. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూసే నర్సు ఒకావిడ ఆస్పత్రి తరఫున రావాల్సి ఉంది. ఆవిడ సెలవులో ఉందని, వచ్చే వారం వస్తుందని ఫోన్‌లో చెప్పారు. వచ్చే వారం దాకా ఏం చెయ్యాలో అతను అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం.

ఆ మర్నాడు మధ్యాహ్నం మిషను నూట తొంభై చూపించింది. భార్యకు ఫోన్ చేస్తే గేటు దగ్గర బీరువాలో మోగుతుంది. ఆస్పత్రికి చేస్తే ఏదీ తేల్చి చెప్పరు. మందుల పెట్టె తెరిచాడు. అందులో పాత మాత్రల షీటు ఒకటి ఉంది. పక్షవాతం రాక ముందు ఆవిడ వాడిన బీపీ మాత్రలు. కొత్తవి మొదలుపెట్టాం కాబట్టి ఇక ఇవి వద్దు, రెండూ కలిపి అస్సలు వెయ్యొద్దు అని డాక్టరు చెప్పి మరీ ఆపించినవి. పారెయ్యాలనుకుంటూనే ఉంచేశారు. ఒక్కటే కదా అనుకున్నాడు. నీళ్లతో ఇచ్చాడు. ఆవిడ ఏమిటని అడగలేదు. అల్లుడు ఇస్తే మందే అయ్యుంటుంది అనుకుంది.

సాయంత్రానికి అంకె దిగింది. చాలా రోజుల తర్వాత అతను బల్ల దగ్గర కుదురుగా కూర్చుని ఒక పాత గోడగడియారం విప్పాడు. కానీ అలవాటు ఎంత తొందరగా అంటుకుంటుందో. తర్వాతి రోజు ఒకటి ఇచ్చాడు. ఆ తర్వాతి రోజు పొద్దునే ఒకటి, భోజనం తర్వాత ఇంకోటి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ చేతికర్ర పట్టుకుని బాత్రూంకి వెళ్దామని లేచింది. లేచిన మనిషి ఒక్క అడుగు వేసి ఆగి, కళ్లు, అని మాత్రం అనగలిగింది. తర్వాత కర్ర ఒక వైపు, మనిషి ఒక వైపు. మంచానికీ పనిబల్లకూ మధ్య కూలిపోయింది. బల్ల మీది పళ్లచక్రాలు, స్క్రూలు ఆవిడ చుట్టూ చెల్లాచెదురయ్యాయి. మొహం తెల్లగా పాలిపోయింది. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా, చెమటతో జిగటగా ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ అందులో ఆవిడ లేదు.

వచ్చేసింది అనుకున్నాడు అతను. రెండోసారి వచ్చేసింది.

మనిషిని నవ్వమనాలి, చేతులెత్తమనాలి, ఒక మాట పలకమనాలి అని ఆస్పత్రి గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంటే ఎన్నోసార్లు చదివాడు. ఆ క్షణంలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. అంబులెన్సుకు ఫోన్ చేసి ఇంటి అడ్రసు చెప్పబోతే, తను పుట్టి పెరిగిన ఇంటి నంబరు నోటికి వచ్చింది. సర్దుకుని మళ్లీ చెప్పాడు. ఆవిణ్ణి కాస్త ఎత్తి, తడిసిన చోట తుడిచి, వాళ్లు వచ్చేదాకా తల ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అత్తయ్యా, అత్తయ్యా అని పిలుస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆవిణ్ణి పరీక్ష చేస్తూ, పొద్దుట్నుంచి ఏమేం మందులు వేశారో చెప్పమంది. కొత్త మాత్రల పేర్లు చెప్పాడు. ఇంకేమైనా అంది ఆవిడ. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పకపోతే వీళ్లు ఇంకో మందు ఎక్కిస్తే ఏమవుతుందో. ఆ రెండో భయమే పెద్దదై అతని చేత నిజం చెప్పించింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే కొంచెం తేలికపడేవాడేమో. బీపీ బాగా పడిపోయిందని, సెలైన్ పెడతామని, తలకు స్కానింగ్ కూడా తీయిస్తామని చెప్పి వెళ్లింది. స్కానింగ్‌లో కొత్తగా ఏమీ లేదు. అది పక్షవాతం కాదు. అతను ఇచ్చిన మాత్రలే ఆవిణ్ణి పడేశాయి.

భార్య మిల్లు నుంచి నేరుగా వచ్చింది. జుట్టులో దూది పోగులు అలాగే ఉన్నాయి. అతను వరండాలోనే ఆపి జరిగింది చెప్పాడు. ఆవిడ విని, లోపలికి వెళ్లి తల్లిని చూసుకుని, మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వూ భయపడతావని."

"నేను భయపడట్లేదని మీకెవరు చెప్పారు?" అందామె, గొంతు పెంచకుండానే. "సాయంత్రం గేటు దగ్గర ఫోన్ చేతికి ఇస్తారు చూడండి. దాన్ని తెరిచి చూసే లోపల రోజూ నా ప్రాణం పోయి వస్తుంది. మీరు మామూలే అంటారు. నేను నమ్మినట్టు ఉంటాను. ఇలా ఎన్నాళ్లు?"

ఆవిడే అతని చొక్కా మీద అంటుకున్న చిన్న ఇత్తడి చక్రం ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

అత్త ఇంటికి వచ్చిన వారంలోనే నర్సు వచ్చింది. పొట్టిగా, పెద్ద సంచీతో, మెట్లెక్కిన ఆయాసం తీరక ముందే మాట్లాడే మనిషి. మీరు రోజూ ఎలా చూస్తారో అలాగే చూడండన్నయ్యా, నేను పక్కన కూర్చుంటాను అంది. అతను అలాగే చేశాడు. జాకెట్టు చెయ్యి మీద పట్టీ, మంచం అంచున వేలాడుతున్న కాళ్లు, గోడతో కబుర్లు. మిషను ఎప్పటిలాగే హడలగొట్టే అంకె చూపించింది. నర్సు పట్టీ విప్పి, అత్త చేతికీ దానికీ మార్చి మార్చి చూసింది.

"ఈ పట్టీ అమ్మకి చాలదన్నయ్యా. చెయ్యి లావు, పట్టీ చిన్నది. ఇలాగైతే ఉన్నదాని కన్నా ఎక్కువే చూపిస్తుంది."

తర్వాత ఆవిడే అంతా సర్దింది. కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టింది. కాళ్లు నేలకు ఆనించింది. చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా కింద దిండు పెట్టింది. జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటే వదులు బట్టలు వేసుకోవాలని, పట్టీ ఒంటికి తగలాలని, అందులో సిగ్గు పడేదేమీ లేదని ఇద్దరికీ కలిపి చెప్పింది. ఇప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడొద్దు అంది. అత్తకు అంతకన్నా కష్టమైన పని ఇంకొకటి లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అతను ఎన్నడూ వినలేదు. నర్సు తన సంచీలోంచి పెద్ద పట్టీ తీసి చుట్టి మీట నొక్కింది. నూట ముప్పై ఎనిమిది. రెండోసారి చూస్తే ఇంకొంచెం తక్కువే.

అల్లుడికి కళ్లు మండాయి. ఆ రోజులన్నీ అతన్ని తరిమింది ఒక చాలని పట్టీ. గడియారం తప్పు చూపిస్తే ఎక్కడ తేడా ఉందో వెతికే మనిషి, దీన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

వెళ్లే ముందు నర్సు ఇంకొన్ని చెప్పింది. పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చూస్తే చాలు, మధ్యలో మిషను ముట్టుకోవద్దు. అంకె బాగా ఎక్కువ వచ్చినా మనిషి మామూలుగా ఉంటే, కాసేపు ఆగి మళ్లీ చూసి తనకు ఫోన్ చెయ్యాలి. సొంత వైద్యం వద్దు. మూతి ఉన్నదాని కన్నా వంకర పోయినా, బాగున్న చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా మాత్రం మిషను జోలికే పోకుండా అంబులెన్సును పిలవాలి. మంచం మీంచి లేచేటప్పుడు కాసేపు అంచున కూర్చుని అప్పుడు లేవాలి. అతను తలూపుతూ విన్నాడు. ఆవిడ వెళ్లాక పాత మాత్రలు తీసుకెళ్లి మందుల షాపులో ఇచ్చేసి వచ్చాడు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. గడియారాలు వెనక్కి రావడం ఆగింది. తర్వాత, కొత్త పెద్ద పట్టీతో, చెప్పినవన్నీ చెప్పినట్టే చేసినా, అంకె మెల్లగా పైకి ఎక్కసాగింది. ఈసారి వేసిన భయం వేరు. నింద వేయడానికి పట్టీ లేదు. అతను బుద్ధిగా నర్సుకు ఫోన్ చేశాడు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని ఆవిడ అడిగింది. నా చేత్తోనే ఇస్తున్నాను అన్నాడు. ఇవ్వడం సరే, మింగుతున్నారా అంది నర్సు.

మర్నాడు మాత్ర ఇచ్చి, బల్ల దగ్గరికి వెళ్లి భూతద్దం పెట్టుకున్నట్టు తల వంచి, ఓరగా చూశాడు. అత్త నీళ్లు తాగింది. కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత మొహం గోడ వైపు తిప్పి, కుడిచేతి వేలు నోట్లో పెట్టి, ఎడమ బుగ్గలోంచి ఏదో తీసి రుమాలులో చుట్టుకుంది. పట్టు తప్పిన ఆ బుగ్గలో అన్నం మెతుకులు నిలిచిపోతుంటాయని, అది ఆవిడకు తెలియను కూడా తెలియదని అతను అనుకునేవాడు. ఇప్పుడు ఆవిడ దాన్ని సంచీలా వాడుతోంది.

అతనికి కోపం రావాల్సింది. భయం వేసింది. ఎన్నాళ్ల నుంచి మందు లేకుండా ఉందో ఈ మనిషి. లేచి వెళ్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అత్తయ్యా, మాత్ర మింగలేదు మీరు."

ఆవిడ మాటలు ఒక్కొక్కటీ కూడదీసుకుని పలికింది. ఈసారి గోడ వైపు చూడలేదు.

"ఆ రోజు పడ్డాను కదా. బట్టలు తడిసిపోయాయి. నువ్వే ఎత్తావు. నువ్వే తుడిచావు." ఊపిరి తీసుకుంది. "బిళ్లలే పడేశాయని ఆస్పత్రిలో అనుకుంటుంటే విన్నాను. మళ్లీ అలా పడలేను నేను. నీ ముందు."

అప్పుడు అతనికి అర్థమైంది. డాక్టరమ్మకు చెప్పాడు, భార్యకు చెప్పాడు. ఎవరు పడ్డారో ఆవిడకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఇన్నాళ్లూ డాక్టరు ఇచ్చిన మంచి మందును చూసి భయపడుతోంది.

"మిమ్మల్ని పడేసింది ఈ బిళ్ల కాదు," అన్నాడు. "ఆపెయ్యమన్న పాత మాత్రలు నేనిచ్చాను. బీపీ ఎక్కువ చూపిస్తుంటే తట్టుకోలేక ఇచ్చాను. రెండూ కలిసి అలా అయింది. తప్పు నాది."

ఆవిడ అతన్ని చూసింది. బస్సులో ఎంతమందిని అలా చూసి ఉంటుందో. అతను తల దించుకోబోయి, మానేశాడు.

"డాక్టరుకి తెలుసా?"

"చెప్పాను."

"అమ్మాయికి?"

"చెప్పాను."

"నాకే చెప్పలేదు," అంది. జారిన పెదవి కొంచెం వణికింది. అది కోపమో ఏడుపో అతనికి తెలియలేదు. "చెయ్యి నాది. మిషను కట్టేది నాకు. ఎంత వచ్చిందో చెప్పవు. నీ మొహం చూసి నేను లెక్క కట్టుకోవాలి. నీ మొహంలో ఎప్పుడు చూసినా రెండొందలే ఉంటాయి."

అతనికి నవ్వు వచ్చి, అది మధ్యలోనే ఇంకేదో అయిపోయింది. చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఇకమీద ఎంత వస్తే అంత చెబుతానన్నాడు. మీరూ మింగండి అన్నాడు. మీరు మింగకపోతే నాకు, అని మొదలుపెట్టి ముగించలేకపోయాడు. ఆవిడ కుడిచెయ్యి చాచింది. మాత్ర కోసం. మింగి, నోరు తెరిచి, బుగ్గ వేలితో లాగి చూపించింది.

పోనుపోను అంకె దిగింది. బాత్రూం గోడకు పట్టుకోవడానికి ఒక గొట్టం బిగించాడు. ఆదివారాలు భార్య బీపీ చూసేది. కానీ భయం అంత తేలిగ్గా ఇల్లు వదిలి పోయేది కాదు. ఆవిడ మాట కోసం కాస్త తడుముకున్నా అతని చెయ్యి ఫోన్ మీదికి పోయేది. మధ్యాహ్నం నిద్రలో ఆవిడ ఎద మీద దుప్పటి కదులుతోందో లేదో, చేస్తున్న పని ఆపి చూసేవాడు.

చలి ముదిరిన ఒక పొద్దున, భార్య మిల్లుకు వెళ్లాక, అంకె నూట ఎనభై దాటింది. ఆవిడ ఏమీ అడగక ముందే అతను చెప్పాడు. నవ్వండి అన్నాడు. నవ్వింది, ఎప్పటి వంకర నవ్వే. చేతులెత్తమన్నాడు, వీధి పేరు చెప్పమన్నాడు. కొత్తగా ఏ తేడా లేదు. మాత్ర మింగారా అని అడగబోతే ఆవిడే నోరు తెరిచి చూపించింది. నర్సు చెప్పినట్టు కాసేపు ఆగారు. మళ్లీ చూశాడు. దిగలేదు. నర్సుకు ఫోన్ చేస్తే, కంగారు పడొద్దు గానీ ఇవాళే డాక్టరుకు చూపిద్దాం, నేను మాట్లాడి ఉంచుతాను, మీరు బయల్దేరండి అంది. మాట ఏమాత్రం తేడా వచ్చినా నేరుగా అంబులెన్సే అంది.

టాక్సీ వచ్చేదాకా అతను మంచం పక్కనే కూర్చున్నాడు. ఆవిడ గొంతు సన్నబడింది.

"ఏదైనా మాట్లాడు," అంది. "నాకు భయంగా ఉంది."

"నాకూ," అన్నాడు అతను.

ఏం మాట్లాడాలో తెలియక, బల్ల మీద విప్పి ఉన్న గడియారం గురించి చెప్పాడు. లోపల స్ప్రింగు ఎలా అలిసిపోయిందో, చలికి నూనె ఎలా గడ్డకట్టిందో చెబుతూ పోయాడు. ఆవిడ ఊఁ కొడుతూ వింది. ఆ ఊఁ ఎక్కడైనా ఆగుతుందేమోనని అతను వింటూ, చెబుతూనే ఉన్నాడు.

డాక్టరు పరీక్ష చేసి, చలికాలంలో కొందరికి ఇలా పెరుగుతుందని చెప్పి, ఇంకో మందు చేర్చాడు. మధ్యాహ్నం అక్కడే ఉంచుకుని, దిగడం మొదలయ్యాకే పంపించాడు. వారం రోజుల్లో పాత దారికి వస్తుందన్నాడు. వచ్చింది కూడా.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన ఆ సాయంత్రం భార్య గేటు దగ్గరే అతని మెసేజ్ చదువుకుని, పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే ఎంత ఉంది అని అడిగింది. వంటింట్లోంచి అతను, మంచం మీంచి అత్త, ఇద్దరూ ఒక్కసారే జవాబు చెప్పారు. ఇద్దరూ చెప్పింది ఒకే అంకె.